ఏడో నంబరు వ్యాసం

బుధవారం రెండో పీరియడ్ అయ్యాక హెడ్మాస్టరు త్యాగరాజు గారు బాలసరస్వతిని తన గదికి పిలిపించి ఒక కాగితం చేతిలో పెట్టారు. మండల కార్యాలయం నుంచి వచ్చింది. పిల్లలు రాసిన తెలుగు వ్యాసాలను దిద్ది మార్కులు వేసే కృత్రిమ మేధ యాప్‌లు మూడున్నాయట. వాటిని వాడి చూసి, తమ బడికి ఏది పనికొస్తుందో ఒక్కదాని పేరు రాసి వచ్చే మంగళవారంలోగా పంపాలట.

“మీరే చూడాలండీ. నాది సోషల్. తెలుగు వ్యాసం బాగుందో లేదో చెప్పగలిగింది ఈ బళ్ళో మీరొక్కరే,” అన్నారాయన.

“వ్యాసం సంగతి చెప్పగలనండీ. యాప్ సంగతి నాకేం తెలుసు?”

“అది వేసిన మార్కులూ మీరు వేసిన మార్కులూ పక్కపక్కన పెట్టుకోండి. మీకు ఏది దగ్గరగా వస్తే అదే మంచిది. అంతే గదా?”

అంతే గదా అని ఆమెకూ అనిపించింది.

బాలసరస్వతి దర్శిలో పౌరోహిత్యం చేసుకునే వారింట పుట్టింది. తెలుగు పంతులమ్మగా ఇరవై ఆరేళ్ళ సర్వీసు. గుంటూరులో కాపురం. రోజూ పొద్దున్నే బస్సెక్కి, ప్రత్తిపాడు దాటి, మిర్చి చేల మధ్యనున్న ఈ హైస్కూలుకు వస్తుంది. ఆమె దిద్దిన కాగితం మీద మార్కు మార్చమని ఇంతవరకు ఎవరూ అడగలేదు. అడిగేంత అవసరం వచ్చిందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు కూడా.

ఫోన్లూ యాప్‌లూ ఆమెకు కొరుకుడు పడవు. అందుకని లెక్కల మాస్టారు షఫీక్‌ను సాయం అడిగింది. ముప్పై నాలుగేళ్ళవాడు, వినుకొండ మనిషి. ఆరేళ్ళుగా ఇద్దరూ ఒకే స్టాఫ్‌రూములో ఎదురెదురుగా కూర్చుంటారు. ఆమె అర్ధసంవత్సర పరీక్షల కట్ట విప్పి, ఎనిమిదో తరగతి వాళ్ళ వ్యాసాలు పది తీసింది. ప్రశ్న, ‘నేను దగ్గరగా చూసిన పని’. అన్నీ ఆమె అప్పట్లో దిద్ది మార్కులు వేసినవే.

“వీటిని ఫొటో తీసి పంపేద్దామా?” అంది.

షఫీక్ కాస్త ఆలోచించాడు. “వద్దు మేడం. చేతిరాత అర్థంకాక అది తప్పు చేస్తే, తప్పు దానిదో పిల్లలదో మనకి తెలీదు. నేను టైపు చేస్తాను, తప్పులతో సహా ఉన్నదున్నట్టు. పేర్లు కూడా పెట్టొద్దు. పిల్లల పేర్లు ఎవరి కంప్యూటర్లోకి పోతాయో ఏంటో. నంబర్లేద్దాం.”

“సరే.”

“ఇంకోటి. టైపు చేసిన కాపీలు మీరు కూడా మళ్ళీ దిద్దండి. అది టైపు చూసి వేసిన మార్కుని, మీరు చేతిరాత చూసి వేసిన మార్కుతో పోల్చగూడదు గదా.”

రెండుసార్లు దిద్దడం దేనికా అనిపించినా, లెక్కల మనిషి మాట కాదనలేక ఒప్పుకుంది.

శనివారానికి పది వ్యాసాలూ టైపయ్యాయి. షఫీక్ వాటిని మూడు యాప్‌లకూ ఇచ్చి ఫలితాలు ఒక పట్టికలో రాశాడు. యాప్‌ల పేర్లు ఒక పట్టాన నోరు తిరగక, వాటి బొమ్మల రంగులను బట్టి ఇద్దరూ పచ్చది, నీలంది, ఎర్రది అనుకున్నారు. పట్టికను మాత్రం అతను ఆమెకు చూపించలేదు. “ముందు మీరు దిద్దండి మేడం, తర్వాత చూద్దాం,” అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక బాలసరస్వతి ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చుంది. ఆ పరీక్షలప్పుడు రెండు రోజుల్లో నూట ఎనభై పేపర్లు దిద్దింది. ఏ వ్యాసం ఎవరిదో ఒక్కటీ గుర్తులేదు. ఒకటి నుంచి ఆరు దాకా చకచకా అయిపోయాయి. ఏడో నంబరు దగ్గర పెన్ను ఆగింది.

“మా అమ్మ కల్లంలో కాయలు ఏరుతుంది. మంచి కాయ ఒక పక్కకి, తాలు కాయ ఒక పక్కకి. నేను కళ్ళతో చూసి ఏరతాను. మా అమ్మ చూడదు. పక్కనోళ్ళతో మాట్లాడతానే ఏరుతుంది. ఎట్టా అని అడిగితే, మంచి కాయ చేతికి ఆనుతుంది, తాలు కాయ ఆనదు అని చెప్పింది. నేను కళ్ళు మూసుకుని చూశాను. నాకు రెండూ ఒకటే. మా అమ్మ నవ్వి, నీ చేతికి ఇంకా కారం పట్టలేదులే అంది. పట్టకూడదని కూడా అంది.”

ఆమె ఆ వ్యాసం రెండుసార్లు చదివింది. అక్షరదోషాలు నాలుగున్నాయి, వాక్యాలు పొట్టిగా ఉన్నాయి. అయినా ఇంత బాగా రాసిన పిల్ల తన క్లాసులో ఎవరా అని ఆలోచించింది. కాయలు ఏరడానికి పోయే తల్లులున్న పిల్లలను ఒక్కొక్కరినే తలుచుకుంది. ఎవరిదో పోల్చుకోలేకపోయింది. పదికి తొమ్మిది వేసింది.

సోమవారం పొద్దున ప్రార్థనకు ముందే ఇద్దరూ స్టాఫ్‌రూములో పట్టిక పరుచుకున్నారు.

పచ్చది అందరికీ ఎనిమిదీ తొమ్మిదీ వేసింది. ఏమీ రాయడం చేతగాక ఒకే పేరాను మూడుసార్లు రాసి పేజీ నింపిన పిల్లవాడికి కూడా తొమ్మిది వేసి, ‘అద్భుతం! భావాన్ని నొక్కి చెప్పిన తీరు ప్రశంసనీయం’ అంది. బాలసరస్వతి పకపకా నవ్వింది. నీలంది ఏడో నంబరుకు నాలుగు వేసింది. కల్లం, తాలు, ఎట్టా, అన్నీ తప్పులేనట. ‘చేతికి ఆనుతుంది’ అన్నచోట ‘చేతికి ఆనందిస్తుంది’ అని దిద్దింది.

“కాయ చేతికి ఆనందించడమేంటి, దాని మొహం!” అంది బాలసరస్వతి.

ఎర్రది ఎనిమిదిన్నర వేసింది. పైగా, ‘తల్లి చివరి మాటలో ఆమె కోరిక తెలుస్తోంది, వ్యాసానికి అదే బలం’ అని రాసింది. బాలసరస్వతి కళ్ళజోడు సవరించుకుని ఆ మాట మళ్ళీ చదివింది. పదింటిలో ఎనిమిది వ్యాసాలకు ఎర్రదాని మార్కూ ఆమె మార్కూ అర మార్కు తేడాతో కలిశాయి.

“ఇంకేం, తేలిపోయిందిగా. ఎర్రదే రాసేద్దాం,” అంది.

“పాత మార్కులతో కూడా ఒకసారి చూద్దాం మేడం,” అంటూ షఫీక్ పరీక్షల కట్ట విప్పాడు. ఏడో నంబరు అసలు కాగితం తీసి బల్ల మీద పెట్టాడు.

ఫర్హానా. పదికి అయిదున్నర. కింద ఎర్ర సిరాతో, బాలసరస్వతి చేతిరాతే, ‘మంచి ప్రయత్నం’ అని ఉంది.

ఆమె కాగితం తిప్పి చూసింది, మళ్ళీ ఇటు తిప్పింది. రెండో నంబరు తీయమంది. అది అన్వితది. ప్రైమరీ స్కూలు టీచరు గారమ్మాయి, క్లాసులో ఎప్పుడూ ఫస్టు. అప్పుడు తొమ్మిది, నిన్న ఏడు. మిగతా ఎనిమిదింటిలో పెద్ద తేడా లేదు.

“చేతిరాతండీ,” అంది చివరికి. “చూడండి, ఎంత ఇరుకుగా రాసిందో. అన్విత రాత ముత్యాల్లాగా ఉంటుంది.”

షఫీక్ ఒకే పేరా మూడుసార్లు రాసిన ఆత్రేయ కాగితం తీసి చూపించాడు. కోడి గీకినట్టుంది. అప్పుడు నాలుగు, నిన్న కూడా నాలుగే.

“అయితే అలసిపోయి ఉంటాను. నూట ఎనభై పేపర్లు.”

“ఫర్హానాది కట్టలో పైనుంచి నాలుగోది మేడం. మొదట్లోనే దిద్దారు.”

ఆమె పాత కాగితాన్నీ టైపు కాపీనీ పక్కపక్కన పెట్టింది. అయిదున్నర వేసిన మనిషీ తనే, తొమ్మిది వేసిన మనిషీ తనే. మార్కులు పోల్చుకోమన్నారు సరే, ఏ మార్కుతో పోల్చాలి? ఎర్రది తనకు దగ్గరగా ఉందంటే ఏ రోజు తనకు దగ్గరగా ఉన్నట్టు?

“ఒక పని చేద్దాం,” అన్నాడు షఫీక్. “ఏడో నంబరు వ్యాసాన్నే మళ్ళీ ఎర్రదానికి ఇద్దాం, పేరు పెట్టి. పిల్ల పేరొద్దు. మా చెల్లెలి పేరు నస్రత్, అది పెడతాను.”

పెట్టాడు. ఏడు వచ్చింది. కింద, ‘తెలుగు మాతృభాష కాకపోయినా చక్కటి ప్రయత్నం’ అని ఉంది.

“ఇప్పుడు మీ పేరు పెడుతున్నా.” బాలసరస్వతి పేరు పెడితే ఎనిమిదిన్నర వచ్చింది. మాతృభాష ఊసే లేదు.

మళ్ళీ నస్రత్ పేరు పెట్టాడు. ఈసారి ఎనిమిది ఇచ్చింది, ఆ మాట లేదు. మూడోసారి ఏడు, మాట మళ్ళీ వచ్చింది.

“ఒకసారి అట్లా, ఒకసారి ఇట్లా ఏంటండీ?” అంది బాలసరస్వతి. “ఇది పేరు చూసి వేస్తోందా, దాని ఇష్టమొచ్చినట్టు వేస్తోందా?”

“నాకూ అర్థం కావట్లా మేడం. మూడుసార్లతో ఏమీ చెప్పలేం.”

“అసలు మాతృభాష తెలుగు కాదని దానికెవరు చెప్పారు?”

షఫీక్ ఫోను బల్ల మీద పెట్టాడు. నెమ్మదిగా అడిగాడు. “మీకెవరు చెప్పారు మేడం?”

“ఏంటది?”

“ఏమీ అనుకోకండి. ఫర్హానాతో మీరు అంటుంటే చాలాసార్లు విన్నాను. ‘మీ ఇంట్లో ఉర్దూ గదమ్మా, అయినా బాగానే రాస్తున్నావు’ అని.”

“ఉర్దూనేగా మరి?”

“వాళ్ళ నాన్న మాబు పరుపులు కుడతాడు. వాళ్ళింట్లో తెలుగు తప్ప ఇంకో మాట లేదు. మా ఇంట్లోనూ అంతే. మా నాయనమ్మ అమీర్‌బీ ఖురాన్ సూరాలు కూడా తెలుగక్షరాల్లో రాసుకుని చదువుకునేది.”

“మీకు ఉర్దూ రాదా?” బాలసరస్వతి నిర్ఘాంతపోయింది. “మరి పోయినేడు నేను తహజీబు అంటే ఏంటని అడిగితే సంస్కారం అని చెప్పారుగా?”

“ఫోన్లో చూసి చెప్పాను మేడం. అంత ఆశగా అడిగారు, రాదని చెప్పడానికి మొహమాటమేసింది.”

ప్రార్థన గంట కొట్టారు. పిల్లలు వరసలు కడుతున్నారు. బాలసరస్వతి కుర్చీలోంచి లేవలేదు. నిన్న ఆ వ్యాసం చదివినప్పుడు ఫర్హానా తనకెందుకు తట్టలేదో అప్పుడు అర్థమైంది. వ్యాసంలో ‘మా అమ్మ’ అని ఉంది. ఆ పిల్ల అమ్మకు ఇంకేదో మాట రాస్తుందని తను అనుకుంది. ఏ మాటో తనకే సరిగ్గా తెలియదు. ఆ పిల్లను తను ఎన్నడూ చిన్నచూపు చూడలేదు. పైగా మెచ్చుకుంది. మెచ్చుకుంటూనే మార్కులు తక్కువ వేసిందా? ఇన్నేళ్ళలో ఇంకెంతమందికి వేసింది? ఈ లెక్క ఎక్కడినుంచి మొదలుపెట్టాలో కూడా ఆమెకు తెలియలేదు.

మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఫర్హానాను వరండాలోకి పిలిచింది. పిల్ల చేతులు కట్టుకుని నిలబడింది.

“మీ ఇంట్లో ఏం మాట్లాడుకుంటారమ్మా?”

ఫర్హానా బెదిరిపోయింది. “ఏం మాట్లాడుకోలేదు మేడం. నేనేం అన్లేదు.”

“అది కాదే. ఏ భాష అని అడుగుతున్నా.”

“తెలుగే మేడం.”

“మరి రెండేళ్ళ నుంచి నేను ఉర్దూ, ఉర్దూ అంటుంటే కాదని చెప్పలేదేం?”

పిల్ల తల వంచుకుంది. “మీరు మెచ్చుకుంటా ఉన్నారు గదా మేడం. కాదంటే మెచ్చుకోరేమోనని. తప్పులు కూడా వదిలేస్తారనుకున్నా, ఉర్దూవాళ్ళు అనుకుంటే.”

బాలసరస్వతి పిల్లకు ఇంకాస్త దగ్గరగా జరిగింది. “నీ వ్యాసం మళ్ళీ చదివానమ్మా. నేను అయిదున్నర వేశాను. తొమ్మిది వేయాల్సింది. నాదే తప్పు.”

“మార్కులు మారుస్తారా మేడం?”

“పోర్టల్లో ఎక్కించేశాం. మూసేశారు. ఇప్పుడు మార్చడానికి వీల్లేదంటున్నారు.”

ఫర్హానా తలెత్తింది. “అయితే మా అమ్మకి చెప్తారా? తొమ్మిది అని?”

ఆ సాయంత్రం బస్సు వదిలేసి ఆమె మాబు ఇంటికి వెళ్ళింది. ఫర్హానా తల్లి జానీబీ కల్లం నుంచి అప్పుడే వచ్చి, చేతులకు కొబ్బరినూనె రాసుకుంటోంది. టీచరమ్మను చూసి కంగారుగా లేచింది. “కూర్చోండి మేడం. పిల్ల ఏమన్నా చేసిందా?” బాలసరస్వతి నిలబడే సంగతంతా చెప్పింది. జానీబీ అంతా విని, “నా గురించి రాసిందా?” అంది ఒక్కటే మాట. మార్కుల సంగతి ఆమెకు ఎక్కినట్టు లేదు. కాగితం ఇస్తే చదివించుకుంటానంది. బాలసరస్వతి టైపు చేసిన కాపీ ఇచ్చి వచ్చింది.

మంగళవారం పొద్దున ఆమె ఫారం నింపడానికి కూర్చుంది. ఎర్రదాని పేరు రాసింది. కొట్టేసింది. ఏదీ వద్దని రాసింది. తను మాత్రం సరిగ్గా దిద్దుతోందా అనిపించి అదీ కొట్టేసింది. త్యాగరాజు గారిని ఇంకో ఫారం అడిగింది. మూడోసారి ఎర్రదాని పేరే రాసి, వేరే కాగితం మీద రెండు పేజీలు జతచేసింది. యాప్‌కు పిల్లల పేర్లు ఇవ్వకూడదు. టీచరు ముందు దిద్దాలి, ఆ తర్వాతే అది వేసిన మార్కు చూడాలి. ఇద్దరికీ తేడా ఎక్కువైతే ఇంకో టీచరు చదవాలి. ఊళ్ళో వాడే మాటలను తప్పులనుకుంటోందేమో చూడాలి. చివర, పేరు చూసి దిద్దినప్పటికీ చూడకుండా దిద్దినప్పటికీ తన సొంత మార్కులే మారాయని కూడా రాసింది.

త్యాగరాజు గారు ఆ చివరి పేరా దగ్గర ఆగిపోయారు. “ఇది అవసరమాండీ? మీ మార్కులే మారాయని మీరే రాసిస్తే, రేపు తల్లిదండ్రులు మనల్ని ఏమంటారు?”

“ఏమంటారో నాకూ తెలీదండీ. కానీ అది తీసేస్తే మిగతాది ఎందుకు రాశానో అర్థం కాదు.”

ఆయన చాలాసేపు పెన్ను మూత తీసి పెట్టుకుంటూ కూర్చున్నారు. చివరికి సంతకం పెట్టారు.

పది రోజులకు కబురొచ్చింది. ఎక్కువ బళ్ళు పచ్చదాన్ని ఎంచుకున్నాయి, కాబట్టి అన్ని బళ్ళకూ అదే. ఆ రెండు పేజీల గురించి ఎవరూ ఏమీ అనలేదు. చదివారో లేదో కూడా తెలియదు. బాలసరస్వతికి ఒళ్ళు మండింది. ఒకే పేరా మూడుసార్లు రాస్తే అద్భుతమన్న యాప్‌ను పిల్లల చేతికెలా ఇవ్వడం అని షఫీక్ దగ్గర గొణిగింది.

యాప్ ఇచ్చిన మూడో వారానికి ఆత్రేయ రెండు పేజీల వ్యాసం తెచ్చి ఆమె ముందు పెట్టాడు. వాళ్ళ నాన్న పాడైన బోరు మోటారును విప్పి బాగుచేయడం గురించి. ఒక్క వాక్యం కూడా రెండోసారి రాయలేదు. సగం పేజీ రాయమంటే కడుపునొప్పనే పిల్లవాడు.

“ఎవరు రాసిచ్చార్రా?”

“నేనే మేడం. ఆ యాప్ బాగుంది, ఇంకా రాయి, ఇంకా రాయి అంటంది. రాస్తన్నా.”

ఆ కాగితం పట్టుకుని ఆమె షఫీక్ దగ్గరికి వెళ్ళింది. “ఇప్పుడు దీన్ని ఏమనుకోవాలి? అది చెప్పేది అబద్ధం. వీడు రాసింది నిజం.”

“అయితే రాయించడానికి ఉంచుదాం మేడం, మార్కులకి వద్దు,” అన్నాడు షఫీక్.

ఇద్దరూ కలిసి ఒక పద్ధతి పెట్టుకున్నారు. పిల్లలు చిత్తుగా రాసేటప్పుడు పచ్చదానితో ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. మార్కులకు మాత్రం దాన్ని రానివ్వరు. పరీక్ష కాగితాల మీద పేర్లు కనబడకుండా షఫీక్ పైభాగం మడిచి పిన్ను కొట్టి ఇస్తాడు. అప్పుడు ఆమె దిద్దుతుంది.

ఫిబ్రవరి పరీక్షలో మొదటి కాగితం తీయగానే ఆమెకు ఇంకో సంగతి తెలిసింది. పేరు మడిచినా చేతిరాత దాగదు. ఇరుకుగా, పక్కకు వాలిన ఆ అక్షరాలు చూడగానే ఫర్హానాదని తెలిసిపోయింది. చదివి ఎనిమిది వేసింది. వేశాక పెన్ను పక్కన పెట్టింది. ఈ ఎనిమిది వ్యాసానికా, ఆ రోజు వేసిన అయిదున్నరకా? షఫీక్‌కు చూపిస్తే, తనకు తెలుగు వ్యాసాలు దిద్దడం రాదన్నాడు.

చివరికి ఫర్హానానే పిలిచింది. పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టి, కాగితం ఇద్దరి మధ్యా పరిచింది. “చదువు. నీకేమనిపిస్తోందో చెప్పు.”

పిల్ల మొదట మేడం మొహం చూసింది. తర్వాత తల వంచి తన వ్యాసం తనే చదువుకుంది. “ఇక్కడిదాకా బాగుంది మేడం,” అని వేలు పెట్టి చూపించింది. “ఈ చివరి పేరా బాగాలేదు. గంట కొడతారని గబగబా రాశా. ఇందులో ఏం లేదు.”

బాలసరస్వతి ఆ పేరా మళ్ళీ చదివింది. నిజమే, అందులో ఏమీ లేదు. తను దాన్ని పట్టించుకోకుండా ఎలా దాటేసిందో ఆమెకు అర్థం కాలేదు. ఎనిమిది కొట్టేసి ఏడున్నర వేసింది. ఫర్హానా ఆ అంకె వంక చూసి, చివరి పేరా మళ్ళీ రాసుకొస్తానని తెల్లకాగితం ఒకటి అడిగి తీసుకుని క్లాసుకు వెళ్ళింది.